లూపస్ ఉంటే మాటలు కూడా మరిచిపోతామా? నిన్న తరగతిలో ‘హారం’ గుర్తుకు రాలేదు

లెక్కల_టీచరు
ఆరేళ్ళుగా లూపస్. కీళ్ళ నొప్పులకు, బుగ్గల మీద ఎర్రమచ్చకు, గొడుగు లేకుండా గడప దాటలేకపోవడానికి అలవాటు పడ్డాను. ఇప్పుడు కొత్తది మొదలైంది. నిన్న ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద 3/4 వేసి, పైనున్నది లవం అన్నాను. కిందున్నదాని పేరు రాలేదు. పదమూడేళ్ళుగా చెబుతున్న పాఠం! సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చివరికి ముందు బల్లలో కూర్చున్న పాప మెల్లగా ‘హారం, టీచర్’ అంది. పిల్లలు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

రెండు నెలలుగా ఇదే వరస. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, దిగాల్సిన స్టాపు దాటిపోవడం, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో తప్పిపోవడం. మొన్నటి రక్తపరీక్షల్లో జబ్బు రేగితే తగ్గే సీ3, సీ4 ప్రోటీన్లు సరిగానే ఉన్నాయి, మూత్రంలో ప్రోటీన్ లేదు. డాక్టరు గారు ‘జబ్బు అదుపులోనే ఉంది, కావాలంటే ఒకసారి మానసిక వైద్యులకు చూపించుకోండి’ అన్నారు. మా ఆయన ‘నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటారు. నా ప్రశ్న ఒక్కటే. ఇది జబ్బు పనా, మాత్రల పనా, లేక నేనే ఇలా అయిపోతున్నానా? వాడుతున్నవి హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, 7.5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్.

నీడపట్టున
నాకూ ఉంది. మెదడుకు మంచు పట్టినట్టు ఉంటుంది. ‘చీపురు’ అనే మాట రాక, ‘ఆ ఊడ్చేది’ అన్నాను మా కోడలితో. మీరు ఒంటరివారు కారు.

రెండో_బల్ల
ఆడవాళ్ళు హారం మరిచిపోవడమా! మీ ఆయనను నిజంది ఒకటి కొనిపెట్టమనండి, జన్మలో మరిచిపోరు.

లెక్కల_టీచరు
రెండో_బల్ల గారూ, ఆ మాట ఆయనకు చూపించాను. ఈ వేదిక మంచిది కాదంటున్నారు.

పాత_రిజిస్టరు
నా మాట కటువుగా ఉండవచ్చు. మతిమరుపు ఇప్పుడు ఎవరికి లేదు? మా ఇంట్లో ఇరవై ఏళ్ళవాడికి సొంత ఫోను నంబరు గుర్తుండదు. ప్రతిదానికీ జబ్బు పేరు పెడితే మనిషి ఇంకా కుంగిపోతాడు. హాయిగా రోజుకు రెండు పద్యాలు కంఠస్థం చేయండి.

నీడపట్టున
పాత_రిజిస్టరు గారూ, ఫోను నంబరు గుర్తులేకపోవడం వేరు. రోజూ వాడే మాట నోటి చివరిదాకా వచ్చి మాయమవడం వేరు. పద్యం కంఠస్థం చేయాలంటే మొదటి పాదం చదివి రెండో పాదానికి వచ్చేసరికి మొదటిది ఉండాలి కదా.

రాత్రి_డ్యూటీ
జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ఎవరికీ ఇక్కడ వైద్యం చెప్పను, తెలిసింది చెబుతాను.

లూపస్ అంటే మన రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదికే తిరగబడడం. కీళ్ళు, చర్మం, మూత్రపిండాల మీదికి వెళ్ళినట్టే మెదడు మీదికీ వెళుతుంది. అమెరికా రుమటాలజీ కాలేజీవారు, అంటే లూపస్‌లాంటి జబ్బులు చూసే వైద్యుల సంఘం, 1999లో లూపస్‌తో ముడిపడిన నాడీ, మానసిక సమస్యల జాబితా వేస్తే పంతొమ్మిది తేలాయి. పన్నెండు మెదడు, వెన్నుపాముకు చెందినవి, ఏడు బయటి నరాలవి. ఫిట్స్, పక్షవాతం, మతిభ్రమణం అందులో ఉన్నాయి. కుంగుబాటు, ఆందోళన కూడా ఉన్నాయి. టీచరు గారు చెబుతున్నది కూడా ఉంది, ఆలోచనా శక్తి మందగించడం అనే పేరుతో. కాబట్టి ఇది ఊహ కాదు.

కానీ అసలు తిరకాసు ఇక్కడ ఉంది. లూపస్ ఉన్న మనిషికి వచ్చే ఇలాంటి సమస్యల్లో నేరుగా లూపస్సే కారణమని తేలేవి సగం కన్నా తక్కువ. మిగతా వాటికి రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం, నిద్రలేమి, స్టెరాయిడ్, ఇన్‌ఫెక్షన్, బతుకులోని దిగులు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. వాటిని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాలి. ఎమ్మారైలో ఏమీ కనబడకపోవచ్చు, అంతమాత్రాన ఏమీ లేదని కాదు.

లెక్కల_టీచరు
‘అంతమాత్రాన ఏమీ లేదని కాదు.’ ఈ ఒక్క మాట కోసం ఆరు గంటలు బయట బల్ల మీద కూర్చుని వచ్చాను మొన్న.

కందిపొడి
మా చెల్లి సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తనను అడిగితే ‘రాయి, ఇంకొక పిల్ల వేపమండల దెబ్బలు తినకుండా ఉంటుంది’ అంది.

అప్పుడు తనకు పందొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. ముందు నిద్ర పోయింది. తర్వాత గోడ గడియారం తనను తిడుతోందని చెప్పింది. అన్నంలో ఏదో కలుపుతున్నారని కంచం తోసేసేది. మా నాయనమ్మ గాలి సోకిందని తేల్చేసింది. తాయెత్తు కట్టారు, నిమ్మకాయలు కోశారు, వేపమండలతో కొట్టారు. దాదాపు నలభై రోజులు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే మంత్రగాడు ‘ఎవరో వెంట్రుకలు పట్టుకెళ్ళి పూజ చేశారు’ అన్నాడు. బుగ్గలు ఎర్రబడితే ‘అమ్మవారు దిగుతోంది’ అన్నాడు. చూడండి, జబ్బు తన లక్షణాలన్నీ ఒక్కొక్కటే చూపిస్తూనే ఉంది. చదవగలిగినవాడు ఎదురుగా లేడు, అంతే.

ఒక రాత్రి ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక పీజీ అమ్మాయి బుగ్గలు చూసింది, నోరు తెరిపించి అంగిలి మీద పుండు చూసింది, మూత్రపరీక్ష రాసింది. ప్రోటీన్ మూడు ప్లస్, అంటే జబ్బు మూత్రపిండాలకూ పాకింది. వెన్నులోంచి నీరు తీసి, క్షయ మెదడు జ్వరం కాదని తేల్చుకున్నాకే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు రోజులు రక్తనాళంలోకి ఎక్కించారు. తర్వాత ఆరు నెలలు నెలకోసారి రక్షణ వ్యవస్థను అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మందు. మతిభ్రమణానికి మానసిక వైద్యుల మందు కూడా వాడారు, కొన్ని నెలలు. పన్నెండో రోజు చెల్లి నన్ను పిలిచి, ‘అక్కా, గడియారం మాట్లాడడం మానేసింది’ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది. ఇంట్లో గోడ గడియారం మాత్రం పెట్టుకోదు.

గొడుగు_పిల్ల
ఇది చదివి పది నిమిషాలు అలాగే కూర్చున్నాను.

రాత్రి_డ్యూటీ
కందిపొడి గారూ, ఆ పీజీ అమ్మాయికి నా నమస్కారం. లూపస్ మతిభ్రమణం తరచుగా వచ్చేది కాదు. వస్తే మాత్రం చాలాసార్లు జబ్బు బయటపడిన మొదటి ఏడాది, రెండేళ్ళలోనే వస్తుంది, చికిత్సకు లొంగుతుంది. కొందరి రక్తంలో రైబోజోమ్ పీ అనే ప్రోటీన్ మీద తయారైన యాంటీబాడీలు కనిపిస్తాయని 1987లోనే గమనించారు. అందరిలోనూ ఉండవు కాబట్టి ఆ ఒక్క పరీక్షతో నిర్ణయించరు.

పెరటి_వైద్యం
అన్నిటికీ మూలం స్టెరాయిడ్. అది విషం. నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా మానేసి, ప్రకృతి ఆహారంలోకి రండి. మొలకలు తినండి. మూడు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది.

నీడపట్టున
పెరటి_వైద్యం గారూ, దయచేసి ఆ మాట వెనక్కు తీసుకోండి. మా పిన్ని కూతురు అలాగే ఒక్కసారిగా మానేసింది. నాలుగో రోజు బీపీ పడిపోయి, వాంతులై, ఐసీయూలో చేర్చాం. ఎక్కువకాలం బయటినుంచి మాత్ర ఇస్తుంటే మన అడ్రినల్ గ్రంథులు పని మానేసి నిద్రపోతాయట. అవి లేచేదాకా మెల్లగా తగ్గించాల్సిందే, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో.

రాత్రి_డ్యూటీ
ఇంకొకటి. మొలకల్లో అల్ఫాల్ఫా మొలకలు లూపస్ ఉన్నవారికి పడవు. వాటిలోని ఒక పదార్థం జబ్బును రేపుతుంది. పెసలు తినండి, అల్ఫాల్ఫా వద్దు.

నీడపట్టున
అలా అని స్టెరాయిడ్ అమాయకురాలని నేను అనను. నాకు మొదట 60 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు ఏం జరిగిందో వినండి. రాత్రి రెండింటికి లేచి ఇంట్లో ఉన్న స్టీలు సామానంతా అటక మీదినుంచి దించి చింతపండుతో తోమాను. పెళ్ళినాటి బిందెలతో సహా. ఆ వారంలోనే చిట్‌ఫండ్ పెడతానని పదకొండు మందికి ఫోన్లు చేశాను. నా అంత తెలివైనది లోకంలో లేదనిపించేది. డోసు తగ్గించే సమయానికి అదే మనిషి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. అప్పుడు మా వాళ్ళు ‘జబ్బు తలకెక్కింది’ అనుకున్నారు. తలకెక్కింది జబ్బు కాదు, మాత్ర.

రెండో_బల్ల
ఆ చిట్‌ఫండ్‌లో ఎవరైనా చేరారా?

నీడపట్టున
ఇద్దరు. ఒకరు మా వదిన. ఇప్పటికీ అడుగుతుంది.

రాత్రి_డ్యూటీ
ఇది డోసు మీద ఆధారపడుతుంది. 1972లో బోస్టన్‌లో చేసిన పరిశీలనలో, రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకు తక్కువ ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవారిలో నూటికి 1.3 మందికి మానసిక లక్షణాలు వచ్చాయి. 41 నుంచి 80 దాకా తీసుకున్నవారిలో 4.6, ఆపైన 18.4. టీచరు గారిది 7.5, కాబట్టి అనుమానం ముందుగా దాని మీదికి పోదు. కానీ అది ఏ పూట వేసుకుంటున్నారో చెప్పండి.

లెక్కల_టీచరు
రాత్రి. ఉదయం బడి హడావిడిలో మరిచిపోతానని.

రాత్రి_డ్యూటీ
మీ డాక్టరు గారిని అడగండి. సాధారణంగా ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోమంటారు. రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన మెదడుకు హారమే కాదు, ఏదీ గుర్తుండదు.

గోదారి_గట్టు
భర్తల వైపు నుంచి ఒక మాట. మా ఆవిడకు 31వ ఏట ఎడమ చేయి పట్టు తప్పింది. పప్పుగిన్నె కింద పడేస్తే అజాగ్రత్త అని నేనే విసుక్కున్నాను. అది చిన్న పక్షవాతం. లూపస్‌తో పాటు ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు కూడా ఉన్నాయని తర్వాత తేలింది. అవి ఉంటే రక్తం సులువుగా గడ్డకడుతుంది. అంతకు ముందు రెండుసార్లు గర్భం పోయింది, దానికీ అదే కారణమన్నారు. ఈ జబ్బును 1983లో లండన్‌లో గ్రాహం హ్యూజ్ అనే డాక్టరు విడిగా గుర్తించారట, అంటే మా పెళ్ళికి చాలా ముందే. మా ఊళ్ళో ఆ పరీక్ష రాసేవాళ్ళు దొరికేసరికి మాకు ఇంత జరిగింది.

ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మీద ఉంది. రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ అనే అంకెను 2కూ 3కూ మధ్య ఉంచాలి. అందుకే పాత_రిజిస్టరు గారి మాట నాకు నచ్చలేదు. ‘అందరికీ ఉండేదే’ అని నేనూ అన్నాను. అనకుండా ఉండాల్సింది. టీచరు గారూ, ఆ యాంటీబాడీల పరీక్ష అయిందా?

పాత_రిజిస్టరు
గోదారి_గట్టు గారూ, నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. పద్యాల సంగతి తప్ప.

కందిపొడి
వార్ఫరిన్ అంటే ఆకుకూరలు మానేయాలి కదా? గోంగూర లేకుండా మీ ఇంట్లో ఎలా?

గోదారి_గట్టు
మానేయక్కరలేదన్నారు. రోజూ దాదాపు ఒకే కొలత తినాలి. ఒకరోజు గంపెడు, వారం రోజులు సున్నా అయితే ఐఎన్‌ఆర్ గంతులేస్తుంది. మా ఆవిడ ఇప్పుడు ఆకుకూరను బంగారంలా తూచి వండుతోంది.

అవతలి_ఒడ్డు
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ నాకు న్యూరోసైకాలజిస్టు ఒక పూటంతా పరీక్ష పెట్టారు. పదిహేను మాటలు చదివి వినిపించి, అరగంట తర్వాత అడిగారు. అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవు అన్నారు. ఇంగ్లీషులో ‘మేక’ రాక తెలుగులోనే మేక అన్నాను, ఒప్పుకున్నారు. ఫలితం ఏమిటంటే, జ్ఞాపకం బాగానే ఉంది, వేగమూ ఏకాగ్రతా తగ్గాయి. అంటే పెట్టెలో వస్తువు ఉంది, వెతికే చేయి నెమ్మదించింది. ఆ కాగితం చూపించాక ఆఫీసులో పనిగంటలు సర్దారు. నా ఉద్దేశంలో అసలు చికిత్స ఆ కాగితమే.

రాత్రి_డ్యూటీ
మన దగ్గరా ఉన్నాయి. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వారు మన దేశం వారి కోసమే అలాంటి పరీక్షల సంచయం తయారుచేశారు. మానసిక వైద్య విభాగంలో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నచోట అడగాలి. అంటే టీచరు గారి డాక్టరు మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళమన్నది మరీ తప్పుడు దారి కాదు.

నీడపట్టున
ఇక్కడ నేను ఒప్పుకోను. చాలామంది డాక్టర్లు ఆ మాట అనేది చేతులు దులుపుకోవడానికే. ‘మా పరీక్షల్లో ఏమీ లేదు, కనుక మీ మనసులో ఉంది’ అని దాని అర్థం. రోగి తలుపు బయటికి వచ్చాక ఏమనుకుంటుందో వాళ్ళకు తెలియదు.

గొడుగు_పిల్ల
అనే తీరులో ఉంటుందండీ. నన్ను కూడా పంపారు, కానీ ఉత్తరం రాసి, ఆ డాక్టరుకు ఫోను చేసి మరీ పంపారు.

నా సంగతి చెబుతాను. 26 ఏళ్ళు. కుదిరిన సంబంధం ‘లూపస్’ మాటతో పోయింది. గూగుల్‌లో వెతికారట. నేను ఏడవలేదు కూడా. స్టెరాయిడ్‌తో ముఖం పూర్ణం బూరెలా ఉబ్బింది, ఎండాకాలమంతా కిటికీలు మూసిన గదిలోనే. ఒక దశలో మాత్రల డబ్బా చూస్తూ రాకూడని ఆలోచనలు వచ్చాయి. అమ్మకు చెప్పలేక 14416కు ఫోను చేశాను, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్. తెలుగులోనే మాట్లాడారు. మర్నాడు అమ్మతో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. ఇప్పుడు కుంగుబాటుకు మాత్ర వాడుతున్నాను, లూపస్ మందులతో పాటే. రుమటాలజీ డాక్టరు గారికి, మానసిక వైద్యులకు ఇద్దరికీ రెండు చీటీలూ చూపిస్తాను.

కుంగుబాటు లూపస్ వల్లనా, పోయిన సంబంధం వల్లనా అని ఆ మానసిక వైద్యురాలిని అడిగాను. ‘రెండూ ఒకే ఇంట్లో ఉంటాయమ్మా’ అన్నారు ఆవిడ.

కందిపొడి
బంగారం, చెప్పినందుకు మంచి పని చేశావు. అలాంటి ఆలోచన మళ్ళీ వస్తే అర్ధరాత్రి అయినా ఆ నంబరుకో, అమ్మకో, ఇక్కడికో. సంబంధం పోయినవాళ్ళ ఊరు చెప్పు, మా నాయనమ్మను పంపిస్తాను.

గొడుగు_పిల్ల
వేపమండలతో సహా పంపండి.

అవతలి_ఒడ్డు
నాకు ఎప్పుడూ తట్టే ప్రశ్న. మెదడుకు రక్షణ గోడ ఉంటుంది కదా, ఈ యాంటీబాడీలు లోపలికి ఎలా వెళతాయి?

రాత్రి_డ్యూటీ
గోడ దిట్టంగా ఉన్నంతసేపూ అంతగా వెళ్ళలేవు. న్యూయార్క్‌లో బెట్టీ డైమండ్ బృందం ఎలుకల మీద చేసిన పని దీనికి ప్రసిద్ధి. లూపస్‌లో డీఎన్‌ఏను పట్టుకునే యాంటీబాడీల్లో కొన్ని మెదడు కణాలు సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలనూ పట్టుకుంటాయి. బాక్టీరియా విషంతో ఆ గోడను సడలిస్తే అవి జ్ఞాపకాలు చూసే భాగాన్ని దెబ్బతీశాయి. అడ్రినలిన్‌తో సడలిస్తే భయం చూసే భాగాన్ని. మనుషుల్లో అంత సూటిగా జరుగుతుందని చెప్పలేం. అయినా జ్వరం వచ్చి తగ్గాక మెదడుకు పట్టిన మంచు ఎక్కువైందని రోగులు చెబితే నేను కొట్టిపారేయను.

మందుల_బీరువా
మెడికల్ షాపు నాది. హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి రాకపోతే తోచదు. 2020 మార్చిలో కరోనాకు పనిచేస్తుందని జనం ఎగబడి, లూపస్ వాళ్ళకు దొరకని రోజులు చూశాను. ఒకావిడ నాలుగు షాపులు తిరిగి వచ్చి, సగం మాత్ర చొప్పున వేసుకుంటున్నానని చెప్పి ఏడ్చింది. జబ్బు అదుపులో ఉండడానికి దాన్ని మానకూడదు. బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అది కంటిని దెబ్బతీయవచ్చు కాబట్టి కళ్ళ డాక్టరు దగ్గర మొదట్లో ఒకసారి, అయిదేళ్ళు దాటాక ఏటా చూపించుకోవాలి. టీచరు గారికి ఆరేళ్ళయింది కదా?

లెక్కల_టీచరు
అయ్యో. అదీ మరిచిపోయాను.

లెక్కల_టీచరు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళాను. డాక్టరు గారు పుస్తకం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు లేవు. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ 9.1, బీ12 బాగా తక్కువ. స్టెరాయిడ్ ఉదయానికి మార్చారు. 5కు తగ్గించే ఆలోచన ఉందన్నారు, ఇప్పుడే కాదు. కళ్ళ పరీక్ష అయింది, బాగున్నాయి. సైకాలజిస్టు గంటన్నర పరీక్ష పెట్టారు. ఒక నిమిషంలో కూరగాయలు చెప్పమంటే వంకాయ మూడుసార్లు చెప్పాను. వేగం తగ్గిందని రాశారు, కొంచెం కుంగుబాటు కూడా ఉందన్నారు.

‘లూపస్సేనా?’ అని మళ్ళీ అడిగాను. ‘అవునని గట్టిగా చెప్పలేను, కాదనీ చెప్పలేను, ముందు రక్తం పెంచుదాం’ అన్నారు. కిందటిసారి ఇలా చెప్పి ఉంటే నేనిక్కడ రాసేదాన్నే కాదు. మా ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నారు. తిరిగి వస్తూ బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక పాలు ఆయనే కాచారు, పొంగించారు.

గోదారి_గట్టు
పొంగనివ్వండి. అలాగే నేర్చుకుంటాం.

పాత_రిజిస్టరు
పుస్తకంలో రాసుకోవడం మంచి పద్ధతి. తరగతిలో ఎలా ఉంది ఇప్పుడు?

లెక్కల_టీచరు
నిన్న మళ్ళీ భిన్నాలే. ఈసారి ముందుజాగ్రత్తగా బోర్డు మూలన ‘హారం’ అని చిన్నగా రాసిపెట్టుకున్నాను. పాఠం మొదలుపెడితే లవం మరిచిపోయాను.

రెండో_బల్ల
హారం ఎలాగూ కొనలేదు, మీ ఆయనను కనీసం లవంగాలైనా తెమ్మనండి.